పోపుల డబ్బాలో వాల్యూమ్ నాబ్

మొన్న సెలవు మీద షార్జా నుంచి వచ్చి కమాన్‌పూర్‌లో తమ్ముడి ఇంట్లో దిగిన వారానికే, మా మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, తను ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న వీడియో గేము ఆ రోజే విడుదలవుతోందని చెప్పి, కాలేజీ మానేసి, హాల్లో చాప పరుచుకుని కూర్చుంది. విడుదల అన్న మాట చెవిన పడితే చాలు, యాభైకి దగ్గరపడినా నాకు కాళ్ళు ఒకచోట నిలవవు. గబగబా స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చేతిసంచీలో నీళ్ళ సీసా కూడా పెట్టుకుని వచ్చి, ఎక్కడికి పోవాలి, లైను ఎప్పటినుంచి అని అడిగాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వింది.

"ఏడికి పోవుడు లేదత్తా. అదే వస్తది," అంది.

నిజంగానే అదే వచ్చింది. టీవీ మీద ఒక నీలం గీత కొంచెం కొంచెంగా నిండుతూ పోయింది, అది నిండగానే పిల్ల చెవుల్లో రెండు తెల్లటి గింజలు పెట్టుకుని, ఆటపెట్టె తాలూకు పిడి చేతిలోకి తీసుకుంది. అంతే, విడుదల అయిపోయింది. కట్టిన చీర కట్టినట్టే ఉండగా నేను సోఫాలో కూలబడ్డాను.

నా ఈడు వాళ్ళతో ఈ సంగతి చెబితే సగం మంది నమ్మరు, మిగతా సగం మంది నవ్వుతారు. నర్సు ఉద్యోగానికి గల్ఫ్ పోయిన మనిషి బంగారం గురించో, ఇంటి స్థలం గురించో మాట్లాడాలి గానీ వీడియో గేములేమిటని వాళ్ళ అభిప్రాయం. ఏం చెయ్యను, నా వయసంతా ఆ ఆటపెట్టెల విడుదలలతోనే గడిచింది. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిల క్రిస్మస్‌కు వాళ్ళ డ్యూటీలు నేను చేసేదాన్ని, నా విడుదల రోజున నా డ్యూటీ వాళ్ళు చేసేవారు. మా హెడ్ నర్సు డ్యూటీ చార్టు వేసే ముందు నన్ను పిలిచి, ఈ నెలలో జపాన్ వాళ్ళు ఏమైనా పెట్టెలు దింపుతున్నారా అని వేళాకోళంగా అడిగేది. లైనులో నాకు ముందు ఒక ఈజిప్టు కుర్రాడు, వెనక ఒక మలయాళీ తండ్రీ కొడుకులు, మధ్యలో నేను, అందరమూ ఒకరికొకరం పల్లీలు పంచుకుంటూ దుకాణం షట్టరు లేచే వేళకు చుట్టాలమైపోయేవాళ్ళం. ఆ షట్టరు చప్పుడుకు లైను మొత్తం ఒక్కసారి లేచి నిలబడేది. అది తెలిసిన వాళ్ళు ఈ మాటలు చదువుతుంటే వాళ్ళ కాళ్ళూ ఇప్పుడు కదిలే ఉంటాయి.

కానీ నా మొదటి విడుదల షార్జాలో కాదు, గోదావరిఖనిలో. మా ఊళ్ళో ఏ కొత్త వస్తువైనా దసరాకు ముందు బొగ్గు గనుల కంపెనీ బోనసు పడ్డ వారంలోనే విడుదలయ్యేది. మిగతా ప్రపంచంలో అది ఎప్పుడు విడుదలైందో మాకు అనవసరం. హైదరాబాదులో పాతబడి, కరీంనగర్‌లో మోజు తీరి, అప్పుడు మా దాకా వచ్చేది. ఆ వారంలో మార్కెట్లో కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు. ఒక ఇంటివాళ్ళు బీరువా, ఒక ఇంటివాళ్ళు మిక్సీ, ఎవరి భుజాన చూసినా ఏదో ఒక అట్టపెట్టె. అలాంటి ఒక బోనసు వారంలో, నైట్ షిఫ్టు దిగి నేరుగా మార్కెట్‌కు పోయిన బాపు, అమ్మ చెప్పిన కుక్కర్‌తో పాటు అమ్మ చెప్పని టీవీ గేము కూడా పట్టుకొచ్చాడు. బూడిదరంగు పెట్టె, రెండు పిడులు, ఊది ఊది పెడితే గానీ పని చెయ్యని లావాటి క్యాసెట్టు. అమ్మ ఆ రోజంతా బాపుతో మాట్లాడలేదు, మరుసటి రోజు మాకంటే ముందు తనే ఆడింది.

ఇక్కడ మా కంపెనీ క్వార్టర్ల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. వరుసగా కట్టిన ఇళ్ళు, రెండిళ్ళకూ ఒకటే గోడ. మా ఇంట్లో తుమ్మితే బాబాయి వరసైన పక్కింటి కాక చల్లగుండు అనేవాడు. అందరూ గనిలో పనిచేసేవాళ్ళే, షిఫ్టులు మారుతూ ఉండేవి కాబట్టి, ఏ మధ్యాహ్నం చూసినా వరుసలో ఎవరో ఒకరు రాత్రంతా భూమి లోపల పనిచేసి వచ్చి నిద్రపోతూ ఉండేవారు. అలా ఎవరైనా పడుకున్న ఇంటి గడప బయట బూట్లు పెట్టేవారు. బూట్లు లోపల ఉంటే ఆ ఇంట్లో పాట పెట్టుకోవచ్చు, కందిపప్పు దంచుకోవచ్చు, మొగుడూ పెళ్ళాలు తగువాడుకోవచ్చు. బూట్లు బయట ఉంటే ఆ గడపతో పాటు అటు గడపా ఇటు గడపా కూడా మూగబోవాల్సిందే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, తప్పిన వాళ్ళను మాత్రం నేను చూడలేదు. ఉప్పు అమ్మే అతను మా సందులోకి వచ్చేసరికి కేక మానేసి తలుపు మీద వేలితో తట్టేవాడు. ఐస్‌క్రీం బండి గంట నాలుకకు గుడ్డ చుట్టి ఉండేది. పెళ్ళి ఊరేగింపు వస్తే బ్యాండు వాళ్ళు సందు మొదట్లో ఆపేసి, సందు దాటాక మళ్ళీ అందుకునేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు ఈ వింతకు ముందు నవ్వేవారు, నెల తిరిగేసరికి వాళ్ళూ గాజులు పైకి జరుపుకుని గిన్నెలు తోమేవారు.

ఇద్దరు పిల్లలూ ఒక టీవీ గేమూ ఉన్న ఇంట్లో ఈ నిశ్శబ్దాన్ని నిలబెట్టడం ఎలా అన్నది అమ్మకు వచ్చిన చిక్కు. చెబితే వినే రకం కాదు మేము. అందుకని ఆమె మాతో వాదన పెట్టుకోకుండా, మా పాత టీవీకి ఉన్న వాల్యూమ్ నాబ్‌ను బయటికి పీకి, వంటింట్లో పోపుల డబ్బాలో, ఆవాల గిన్నెకూ మెంతుల గిన్నెకూ నడుమ పెట్టేసింది. ఆదివారం సాయంత్రం సినిమా వచ్చేటప్పుడు, అదీ వరుసలో బూట్లేవీ బయట లేవని చూసుకున్నాక, ఆ నాబ్ పసుపు అంటిన ఒంటితో బయటికి వచ్చేది. సినిమా అయిపోగానే మళ్ళీ మెంతుల పక్కకు చేరేది. మేము ఆట ఆడుకునేది సెలవు రోజుల మధ్యాహ్నాలు. కాబట్టి మా ఇంట్లో ఆ ఆటకు గొంతు లేదు.

గొంతు లేదంటే నిజంగా లేదనే అనుకున్నాం. ఇది బయటివాళ్ళకు చెబితే పగలబడి నవ్వుతారు గానీ, తమ్ముడూ నేనూ ఎదిగి పెద్దవాళ్ళమయ్యే దాకా వీడియో గేములకు అసలు శబ్దమే ఉండదని నమ్మాం. సినిమాకు పాటలుంటాయి, వార్తలకు మాటలుంటాయి, ఆటకు బొమ్మలే ఉంటాయి, అదొక ధర్మం అనుకున్నాం. మా వరుసలో టీవీ గేము ఉన్న పిల్లలందరిదీ ఇదే నమ్మకం, ఎందుకంటే అందరి అమ్మలూ మా అమ్మను చూసి నాబ్‌లు పీకేశారు. శబ్దం లేకపోయినా మాకు లోటేమీ తెలియలేదు. ఆటలో గుంత మీద పలక కూలబోయే ముందు ఒక వెంట్రుకవాసి కదులుతుందని, పక్షి రాయి వదిలే ముందు దాని రెక్క ఒక్క క్షణం ఆగుతుందని మాకు కళ్ళతోనే తెలుసు. ఒకరికొకరం చెప్పుకోవాల్సి వస్తే మోచేత్తో పొడుచుకునేవాళ్ళం. నవ్వు వస్తే దిండులో మొహం పెట్టుకుని నవ్వేవాళ్ళం.

మా బాపు పనేమో పూర్తిగా చెవి పని. గనిలో పైకప్పును పొడుగాటి ఇనుప కడ్డీతో తట్టి, వచ్చే మోతను బట్టి అది గట్టిగా ఉందో, లోపల పగిలి కూలడానికి సిద్ధంగా ఉందో చెప్పి, అనుమానం ఉన్న చోట కప్పుకు ఆసరాగా కొయ్య దిమ్మెలు నిలబెట్టించడం ఆయన డ్యూటీ. తోటివాళ్ళు ఆయన విని తల ఊపితే గానీ ముందుకు అడుగు వేసేవారు కాదట. అంతటి చెవి ఉన్న మనిషి ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటే మాత్రం మొద్దు నిద్రపోయేవాడని మా లెక్క. ఒకటే మాకు అంతుపట్టేది కాదు. మేము ఆట ఆపేసి, పిల్లుల్లా అడుగులు వేసుకుంటూ ఎండలోకి జారుకుందామని గడప దాకా పోతే, అప్పటిదాకా గురక పెడుతున్న బాపు లోపలి గదిలోంచి, "ఏడికి పోయిన్రు బిడ్డా?" అని పిలిచేవాడు. అమ్మే ఏదో సైగ చేసి లేపుతోందని తమ్ముడికి గట్టి అనుమానం ఉండేది.

తరువాత నేను కరీంనగర్‌లో నర్సింగు చదవడం, షార్జా పోవడం, తమ్ముడికి కమాన్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్టు గనిలో ఉద్యోగం రావడం జరిగిపోయాయి. మా బూడిదరంగు పెట్టె ఎప్పుడో పాడైంది. షార్జాలో మొదటి జీతం తీసుకున్న వారం, నా గదిలో ఉండే మలయాళీ అక్క నన్ను ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి తీసుకుపోయింది. అక్కడ నిలబడి ఆడుకోవడానికి ఒక ఆటపెట్టె పెట్టి ఉంది. చాలా ఏళ్ళ తరువాత పిడి చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడినుంచో సన్నగా పాట వస్తోంది, నేను పరుగెత్తిస్తే అదీ పరుగెత్తుతోంది, నేను దూకిస్తే ఠంగుమంటోంది. నాకు ఏకాగ్రత కుదరక, అక్కడి సేల్స్ కుర్రాడిని పిలిచి, పక్క దుకాణం వాళ్ళు పాట పెట్టారు, కాస్త ఆపమని చెప్పు బాబూ అన్నాను. అతడు నా మొహం వంకా టీవీ వంకా చూసి, మేడమ్, ఆ పాట ఆటదే కదా అన్నాడు. నేను పిడి కింద పెట్టి స్పీకరు మీద చెయ్యి పెట్టి చూశాను. అది నా అరచేతి కింద అదురుతోంది. మలయాళీ అక్క ఏమైందని అడుగుతోంది, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేశాయి.

ఆ సాయంత్రమే ఫోన్ బూత్‌కు పోయి తమ్ముడికి ఫోన్ చేశాను. క్షేమసమాచారాలు కూడా అడగకుండా, "ఒరేయ్, ఆటకు పాట ఉంటదట్రా," అన్నాను.

"బాపు రిటైరైతడు గద అక్కా," అన్నాడు తమ్ముడు. "ఆ తెల్లారి మధ్యాహ్నం గా ఇంట్లనే ఫుల్లు సౌండు పెట్టి ఆడాలె. క్వార్టరు అప్పజెప్పక ముందే. పాతది గాదు, ఎవ్వళ్ళు ముట్టని కొత్తది తేవాలె."

కొత్తది ఎందుకో నేను అడగలేదు. ఊరికి అన్నీ ఆలస్యంగా వచ్చిన వాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కరలేదు. పుట్టినప్పటినుంచి ఉన్న ఇల్లు మా చేతుల్లోంచి పోయే లోపల, ప్రపంచమంతా ఏ పెట్టె కోసం లైనులో నిలబడిందో ఆ పెట్టెను ఆ ఇంట్లో, ఆ టీవీ ముందు, గొంతు విప్పి పాడించాలి. అది మా ఇద్దరికీ మొక్కుబడి లాంటిదైపోయింది. ఆ తరువాత విడుదలలు వచ్చాయి, పోయాయి, లైనులో నిలబడి చూశాను, ఆడాను గానీ ఏదీ ఇంటికి తీసుకుపోలేదు. బాపు రిటైరయ్యే నెల కోసం దాచుకున్నాను.

ఆ నెల వచ్చింది, అదృష్టం చూడండి, అదే వారంలో పేరుమోసిన కొత్త పెట్టె విడుదల కూడా వచ్చింది. దురదృష్టం కూడా చూడండి, నాకు సెలవు ఖాయమయ్యే లోపలే బుకింగులు నిండిపోయాయి. నా విమానం విడుదల రోజు సాయంత్రమే. ఊరంతా తిరిగినా ఏ దుకాణంలోనూ విడి పెట్టె లేదన్నారు. ఇక ఆశ వదులుకునే సమయానికి, ఒక మాల్‌లోని దుకాణం వాళ్ళు ఒక్క పెట్టె పక్కన పెట్టి ఉంచారని, విడుదల రోజు ఉదయం అందరి ముందూ ఆట ఆడించి, ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్ళకు అది అమ్ముతారని మలయాళీ అక్క వార్త మోసుకొచ్చింది. మనిషికి ఒక్కటే అవకాశం. నాకు మిగిలిందీ ఆ ఒక్కటే.

రాత్రి డ్యూటీ దిగి, బట్టలు మార్చుకునే వ్యవధి లేక, తెల్ల కోటూ తెల్ల బూట్లతోనే పరుగెత్తాను. మాల్ లోపల సంతలా ఉంది. వేదిక మీద పెద్ద టీవీ, ఎదురుగా కుర్రాళ్ళ గుంపు, అరుపులు, అవి చాలవన్నట్టు దుకాణం వాళ్ళు పిలిపించిన డప్పుల బృందం ఒకటి. నన్ను చూసి నిర్వాహకుడు, ఎవరికైనా దెబ్బ తగిలిందేమో, నర్సును పిలిపించారేమో అని కంగారుపడ్డాడు. ఆడడానికి వచ్చానంటే, మీ బాబు పేరు చెప్పండి రాసుకుంటాను అన్నాడు. నాకు బాబెవరు, నేనే బాబును అని తెలుగులో అనుకుని, నా పేరు రాయించాను. వెనక కుర్రాళ్ళు ఏదో అనుకుని నవ్వారు.

ఆట ఏమిటంటే, కొండల నడుమ కొయ్య వంతెనల మీద మనిషిని పరుగెత్తించాలి. వంతెన కూలబోయే ముందు చిన్న గంట మోగుతుంది, ఆ గంట విని దూకాలి. అదీ అసలు కిటుకు. కానీ ఆ డప్పుల్లో గంట వినబడేదెవరికి? నా ముందు ఆడిన వాళ్ళు ఒక్కొక్కరే మెడలు సాచి, స్పీకరు దగ్గర చెవులు పెట్టి, గుంపును అరవొద్దని బతిమాలుకుని, చివరికి లోయలో పడ్డారు. బాగా ఆడతాడని పేరున్న ఒక కుర్రాడు అందరికంటే దూరం పోయాడు గానీ, శబ్దం లేకుండా ఆడమంటే ఎలా అని విసుక్కుంటూ అతడూ పడ్డాడు. ఆ మాట నా చెవిన పడగానే నాకు గెలిచినంత ధైర్యం వచ్చింది. శబ్దం లేకుండా ఆడమంటే ఎలాగో నన్ను అడగాలి గదా!

పిడి తీసుకున్నాను. డప్పులు మోగుతూనే ఉన్నాయి, నాకు మాత్రం గోదావరిఖని మధ్యాహ్నం వచ్చేసింది. మొదటి వంతెన కూలడం దగ్గరే నాకు కావలసింది దొరికింది. పలక పడే ముందు దాని అంచునుంచి పిడికెడు దుమ్ము రాలుతోంది. గంట కోసం చూసుకునే వాళ్ళ కంటికి అది ఆనదు. దుమ్ము రాలింది, దూకాను. రాలింది, దూకాను. గుంపు నవ్వులు ఆగిపోయాయి, తరువాత అరుపులు మొదలయ్యాయి, ఆ తరువాత నాకు ఏవీ తెలియలేదు. ఆ కుర్రాడు పడిన చోటు దాటాక మలయాళీ అక్క నా హ్యాండ్‌బ్యాగును గాల్లో తిప్పుతూ కేకలు వేసిందట, అందులోని నా పాస్‌పోర్టు ఎగిరి డప్పులాయన ఒళ్ళో పడిందట. నేను చివరి కొండ దాకా పోయి, ఇక వంతెనలు లేని చోట ఆగాను. ఆ పేరున్న కుర్రాడు ముందుకు వచ్చి, ఆంటీ, గంట మీకెలా వినబడింది అని అడిగాడు. వినబడలేదు నాయనా, మా ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు అన్నాను. అతడికి ఏమీ అర్థం కాలేదు, అయినా చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. ఆ అట్టపెట్టెను గుండెకు హత్తుకుని మాల్ మెట్లు దిగుతుంటే, నా జీవితంలో అంత పొగరుగా నేను ఎప్పుడూ నడవలేదు, ఇది దాచుకోవాల్సిన సంగతి కూడా కాదు.

రామగుండం స్టేషనుకు తమ్ముడు వచ్చాడు. పెట్టెను ఆటోలో కింద పెట్టనివ్వలేదు, ఇంటిదాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. బాపు చివరి షిఫ్టు దిగిన రోజు తోటివాళ్ళు దండలు వేసి ఇంటిదాకా తీసుకొచ్చారు, ఆ సందడంతా మామూలే. మా అసలు పండుగ మరునాటి మధ్యాహ్నం. మా పాత టీవీకి కొత్త పెట్టె తీగలు పట్టకపోతే, తమ్ముడు ఎవరిదో వీసీఆర్ అడిగి తెచ్చి, దాని గుండా తిప్పి ఎలాగో కలిపాడు. అమ్మ పోపుల డబ్బా తెచ్చి, నాబ్ తీసి, కొంగుతో తుడిచి, టీవీకి తొడగబోతూ, అలవాటు చొప్పున ఒకసారి బయటికి తొంగి చూసింది. పక్కింటి గడప బయట బూట్లు ఉన్నాయి.

కాకకు ఆ వారం నైట్ షిఫ్టు అన్న సంగతి మా సంబరంలో మేము మరిచిపోయాం. ఇంకో రెండు రోజుల్లో క్వార్టరు తాళాలు అప్పజెప్పాలి, కాక షిఫ్టు మారేది ఆ తరువాతే. తమ్ముడు నా వైపు చూసి, మెల్లగా పిడి అందుకుని, సౌండు లేకుండానే మొదలుపెడదామని సైగ చేశాడు. షార్జాలో అంతమందిని ఓడించి తెచ్చిన పెట్టె రెండు బూట్ల ముందు ఓడిపోయింది. బాపు కూడా అదే మంచిదన్నట్టు తల ఊపాడు.

మా గడపలో నిలబడి ఇదంతా చూస్తున్న పక్కింటి చిన్నమ్మ, కాక భార్య, తన ఇంట్లోకి పోయింది. కాసేపటికి కాక, తువ్వాలు భుజాన వేసుకుని, కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చాడు. వంగి, తన బూట్లు తీసుకుని, లోపల పెట్టి వచ్చాడు.

"పెట్టుండ్రి బిడ్డా సౌండు," అన్నాడు. "ఇన్నేండ్లు మా కోసం నోరు మూసుకున్నది. దాని పాట నేను గూడ ఇంట."

అమ్మ నాబ్ తొడిగి చివరిదాకా తిప్పింది. ఆ పాట మా ఇంట్లోంచి లేచి సందంతా పరుచుకుంది. గోడలు అదిరాయి, గూట్లో గ్లాసులు మోగాయి, వరుసలోని పిల్లలూ తల్లులూ వచ్చి గడప నిండారు, ఉప్పు అమ్మే అతను సైకిలు ఆపి చూశాడు, ఎవరో ముసలమ్మ మా ఇంట్లో మళ్ళీ పెళ్ళి పెట్టుకున్నామా అని అడిగిందట. తమ్ముడు ప్రతి ఠంగుకూ చిన్నపిల్లాడిలా నా వైపు తిరిగి చూశాడు. కాక ఒక్కొక్క దూకుడుకూ తొడ చరిచాడు. మేము గెలిచాం. ఎవరి మీద గెలిచామంటే చెప్పలేను, గెలిచామన్నది మాత్రం ఆ రోజు మా వరుసలో అందరికీ తెలుసు.

గుంపు పలచబడ్డాక కూడా మేము ఆడుతూనే ఉన్నాం. లోపలి గదిలో నడుం వాల్చిన బాపు అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, చివరికి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"జర సౌండు బంద్ జెయ్యుండ్రి బిడ్డా," అన్నాడు మెత్తగా.

చెవులు నొప్పి పుడుతున్నాయా అని అమ్మ అడిగింది.

"చెవులు గాదు. పిల్లల బటన్ల సప్పుడు ఇనబడ్తలేదు," అన్నాడు. "పొద్దంత అది ఇనుకుంటనే పండుకునేటోన్ని. టక్కు టక్కు అంటున్నదంటె ఇద్దరు ఇంట్లనే ఉన్నట్టు. ఆగితె మెలకువొస్తుండె."

తమ్ముడు ఆట ఆపి బాపు వైపు తిరిగాడు. ఆయన నిద్ర చెడకూడదని మేము ఊపిరి బిగబట్టి ఆడిన మధ్యాహ్నాలన్నీ ఆయన విన్నాడు. అమ్మ నాబ్ వెనక్కి తిప్పి, పీకి, పోపుల డబ్బాలో వేసుకుంది. కొత్త పిడి బటన్లు మెత్తనివి, అందుకని తమ్ముడూ నేనూ కొంచెం గట్టిగా నొక్కుతూ ఆడాం. పావుగంటలో లోపలినుంచి గురక వినబడింది.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పనిచేసిన గని మూసేశారు, మా వరుసలో ఇప్పుడు సగం ఇళ్ళకు తలుపులు లేవు. గడప బయట బూట్లు పెట్టే అలవాటు ఈ కొత్త కాలనీల్లో ఎవరికీ తెలియదు, తెలిసినా ఓపెన్‌కాస్టు పేలుళ్ళకు మధ్యాహ్నం కిటికీలు అదిరే చోట బూట్లు ఏం చెబుతాయి? విడుదలలకు లైన్లు లేవు, పల్లీలు పంచుకునే చుట్టాలు లేరు, షట్టరు చప్పుడు లేదు. అన్నీ అందరికీ ఒకే క్షణంలో వచ్చేస్తున్నాయి, మా కమాన్‌పూర్‌కు కూడా. ఇది సంతోషించాల్సిన సంగతే, అలా వచ్చే రోజు కోసమే గదా తమ్ముడు కొత్తదే తేవాలన్నది. అయినా మనసు ఒప్పుకోదు. పోపుల డబ్బా మాత్రం తమ్ముడి వంటింట్లో ఇంకా ఉంది, అందులో ఆ నాబ్ కూడా ఉంది. ఇదేం గింజ అత్తా అని మేనకోడలు ఒకసారి అడిగింది.

మేనకోడలి ఆట విడుదలైన ఆ రోజు మధ్యాహ్నం, కట్టిన మంచి చీర నలిగిపోతుందని కూడా చూసుకోకుండా, సణుక్కుంటూ లోపలి గదిలో పడుకున్నాను. పిల్ల హాల్లో ఆడుతోంది. దాని పాట దాని చెవుల్లోనే ఉండిపోయింది, ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు, బటన్లు తప్ప. టక్కు, టక్కు టక్కు, టక్కు. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు, రాత్రి డ్యూటీలకు అలవాటుపడ్డ నాకు అంత గాఢమైన నిద్ర పట్టి ఎన్నేళ్ళయిందో.

చప్పుడు ఆగింది, కళ్ళు తెరుచుకున్నాయి. ఇంకా లేచి కూర్చోనైనా లేదు, నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఏడికి పోయినవ్ బిడ్డా?"